ఇంటి గుట్టుకు బహిరంగ లేఖ

గుట్టు గారికి,

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో మీకున్న మర్యాద కలెక్టరుకి కూడా లేదు కనక మొదటి వరసలో గారు అని రాశాను. ఇక్కణ్నుంచి నువ్వనే అంటాను. నువ్వు చేసే పనికి అంతకు మించి దక్కదు.

నిన్ను పూర్తిగా తీసిపారెయ్యను. పిల్ల పెళ్లికి ఎంత అప్పు చేశాడో తండ్రి బజార్లో చెప్పుకోడు, అది నీ చలవ. చేపల వేటకని గుజరాత్‌లోని వెరావల్ వెళ్లిన మొగుడు రెండు నెలలుగా డబ్బు పంపలేదని ఇల్లాలు ఇరుగుపొరుగుకి తెలియనివ్వదు, అదీ నీ చలవే. లేనివాళ్లకి నువ్వు కాస్త పరువు మిగులుస్తావు. వాటిలో నీతో నాకు పేచీ లేదు. పసిపిల్ల ఒంటి మీద చెయ్యి పడ్డాక, ఇంకా చెప్పాలంటే పడకముందు, నువ్వు ఎవరి పక్కన నిలబడుతున్నావన్న దగ్గరే నా పేచీ.

2024 జులైలో విజయనగరం జిల్లాలోని ఒక పల్లెలో, ఉయ్యాలలో ఉన్న ఆరు నెలల పాప మీద అఘాయిత్యం జరిగింది. చేసినవాడు వరసకి తాత. హోం మంత్రి వంగలపూడి అనిత వెళ్లి ఆ కుటుంబాన్ని చూసొచ్చారు. ఊరి పేరూ వాడి పేరూ నేను రాయను. పేపర్లన్నీ రాశాయి కదా అనకు. పిల్లని గుర్తుపట్టే వివరం ఏదీ బయటపెట్టకూడదని పిల్లల్ని లైంగిక నేరాల నుంచి కాపాడే పోక్సో చట్టం 23వ సెక్షను చెబుతోంది. వరస తెలిశాక వాడి పేరే పిల్ల చిరునామా అవుతుంది. నేను ఒప్పుకునే గుట్టు ఇదొక్కటే.

ఇలాంటి వార్త వచ్చిన పొద్దున్న ఏ టీ కొట్టు దగ్గర నిలబడ్డా ఒకే మాట. "అలాటోణ్ని నడిరోడ్డు మీద నరికియ్యాల." నాకూ అలాగే అనిపిస్తుంది. కాకపోతే ఆ మాట అన్నాయన టీ గ్లాసు కింద పెట్టి ఇంటికెళ్తాడు. ఇంట్లో నువ్వుంటావు. అదే పని తన చిన్నాన్న చేశాడని, బావ చేశాడని తెలిసిన రోజున అదే నోటితో ఏమంటాడో నువ్వు వినే ఉంటావు. "ఊరుకోండర్రా, బయటికి పొక్కితే పిల్లకి సంబంధం రాదు." పొరుగూరి వాడికి కత్తి, సొంతవాడికి నువ్వు.

పోనీ ఇది ఎక్కడో ఒకచోట జరిగే సంగతా? 2007లో కేంద్ర స్త్రీ శిశు అభివృద్ధి శాఖ 13 రాష్ట్రాల్లో 12,447 మంది పిల్లలతో మాట్లాడి ఒక నివేదిక వేసింది. ఏదో ఒక రకం లైంగిక వేధింపు ఎదుర్కొన్నామన్న పిల్లలు నూటికి 53 మంది. ఆడపిల్లలూ మగపిల్లలూ ఇద్దరూ. ఎక్కువ శాతం నమోదైన నాలుగు రాష్ట్రాల్లో మన ఆంధ్రప్రదేశ్ ఒకటి. చేసినవాళ్లలో సగం మంది పిల్లలకి తెలిసినవాళ్లు, పిల్లలు నమ్మినవాళ్లు. ఇక పోలీసు కేసుల దాకా వచ్చినవి చూస్తే, పోక్సో కింద నమోదైన అత్యాచార కేసుల్లో నిందితుడు పిల్లకి తెలిసినవాడే అయినవి నూటికి తొంభైకి పైనే అని జాతీయ నేర గణాంకాలు ఏటేటా చెబుతున్నాయి.

మనమేమో సిరిమాను పండగకి తీసుకెళ్లి, "చెయ్యి వదలకు, ఎవడైనా ఎత్తుకుపోతాడు" అని పిల్లని భయపెడతాం. 2018 మే నెలలో ఆ భయం వాట్సాప్ ఎక్కింది. పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు దిగాయంటూ తెలుగు రాష్ట్రాలంతటా పుకారు లేచింది. హైదరాబాద్‌లో ఒక ట్రాన్స్‌జెండర్ మహిళని జనం కొట్టి చంపేశారు. ఆమె ఎవరినీ ఎత్తుకుపోలేదు. ఆ రాత్రి తలుపులు బిగించుకుని పడుకున్న ఇళ్లలో ఎన్నింటి లోపల అసలు మనిషి ఉన్నాడో నీకే తెలియాలి.

నువ్వు పని చేసే పద్ధతి పెళ్లిళ్లలో బాగా కనిపిస్తుంది. భోజనాల పందిరి పక్కన కుర్చీలో ఒక పెద్దాయన. అయిదేళ్ల గుంట తల్లి కొంగు పట్టుకుని వెనక దాక్కుంది. "తాత దగ్గరికెళ్లమ్మా, సాక్లెట్టు ఇస్తాడు." పిల్ల కదల్లేదు. "ఏటలా సేస్తావు, నలుగురూ సూస్తన్నారు." కొంగు విడిపించి, వీపు మీద చెయ్యి వేసి ముందుకి తోసింది. తల్లి చెడ్డది కాదు, పెద్దాయన కూడా నూటికి తొంభై సార్లు మంచివాడే. కానీ ఆ క్షణంలో పిల్ల ఒక పాఠం నేర్చుకుంది. ఒళ్లు వద్దంటున్నా పెద్దల మర్యాద కోసం వెళ్లాలి. రేపు నిజంగా ఏదైనా జరిగితే ఆ పిల్ల ఎవరికి చెబుతుంది? నీకే చెబుతుంది. నువ్వు దాచిపెడతావు.

దాచినా పొక్కిందనుకో, రామమందిరం అరుగు మీద తగువు పెడతారు. పెద్దమనుషులు కూర్చుంటారు, తప్పు కట్టిస్తారు, కాగితం మీద వేలిముద్రలు వేయిస్తారు. పోక్సో నేరానికి రాజీ లేదు. 19వ సెక్షను ప్రకారం తెలిసిన ప్రతివాడూ పోలీసులకి చెప్పి తీరాలి, చెప్పకపోతే 21వ సెక్షను కింద ఆర్నెల్ల దాకా జైలు. అంటే అరుగు మీద కూర్చుని తీర్పు చెప్పిన ఆ పెద్దమనుషులంతా ఆ పూట నిందితులే. ఈ సంగతి వాళ్లకి ఎవరూ చెప్పలేదు, చెప్పనివ్వకుండా నువ్వున్నావు. చట్టం పిల్ల కోసం చాలా మెత్తగా రాశారు కూడా. స్టేషనుకి ఈడ్చక్కర్లేదు, ఇంటికే మహిళా ఎస్సై వస్తుంది, యూనిఫాం లేకుండా వస్తుంది. అలా వస్తుందని తెలిస్తే సగం ఇళ్లు నిన్ను వదిలేసేవేమో.

ఇంతవరకూ చెప్పింది నీమీద పాత ఫిర్యాదే. కొత్తది ఇప్పుడు చెబుతాను, చదివేవాళ్లకి కోపం వస్తుందని తెలిసే చెబుతాను.

నువ్వు నోరు మూసేది పిల్లదొక్కటే కాదు. ఇంకొకడి నోరు కూడా మూస్తున్నావు. వాడు ఇంకా ఏమీ చెయ్యలేదు. వాడికి పదిహేను పదహారేళ్ల వయసు. తోటి కుర్రాళ్లు ఇంటర్ కాలేజీ ఆడపిల్లల గురించి మాట్లాడుకుంటుంటే తన మనసు చిన్నపిల్లల వైపు పోతోందని వాడికి అర్థమైంది, అర్థమైన రోజు నుంచీ తన మీద తనకే భయం పట్టుకుంది. దాన్ని వైద్యులు పెడోఫిలియా అంటారు. అది కోరి తెచ్చుకునేది కాదు. మగవాళ్లలో నూటికి ఒకరికి, ఆ చుట్టుపక్కల, ఉండొచ్చని కెనడా పరిశోధకుడు మైకేల్ సెటో వంటివాళ్ల అంచనా. అది ఉన్న ప్రతివాడూ నేరం చెయ్యడు. నేరం చేసిన ప్రతివాడికీ అది ఉండదు. పిల్లల మీద నేరాలకి శిక్ష పడ్డవాళ్లలో దాదాపు సగం మందికి ఆ స్వభావమే లేదు. అదను దొరికి, తాగి, పిల్లైతే ఎదురు తిరగదని చేసినవాళ్లు. పిల్లలే పిల్లల మీద చేసేవీ ఉన్నాయి. అదే 2024 జులైలో నంద్యాల జిల్లాలో ఒక చిన్నారి కేసులో పట్టుబడ్డవాళ్లు మీసాలు రాని బడిపిల్లలు. అమెరికాలో పోలీసుల దాకా వచ్చిన ఇలాంటి కేసుల్లో మూడో వంతుకి పైగా పద్దెనిమిది నిండనివాళ్లు చేసినవేనని 2009లో లెక్క తేల్చారు.

కోరిక వేరు, చేత వేరు. కోరికకి వాడు బాధ్యుడు కాడు, చేతకి పూర్తిగా వాడే బాధ్యుడు. పిల్ల ఒప్పుకుంది అనే మాటకి అర్థమే లేదు, ఒప్పుకునే వయసు కాదు కనక. ఇందులో నాకు ఏ మెత్తదనమూ లేదు. మరి వాడి సంగతి ఎందుకు ఎత్తానంటే, వాడు ఏదైనా చేశాక పట్టుకోడానికి మనకి పోలీసులున్నారు, ప్రత్యేక కోర్టులున్నాయి, 2019 సవరణ తరవాత ఉరి కూడా ఉంది. చెయ్యకముందు వాణ్ని ఆపడానికి ఏముంది? నువ్వున్నావు. నువ్వు ఆపవు, దాస్తావు.

2015లో సారా యాంకే అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆమె సహచరులు ఒక సర్వే అచ్చు వేశారు. పిల్లల మీద ఆకర్షణ ఉండి కూడా ఎప్పుడూ ఏ నేరమూ చెయ్యని మనిషి గురించి జనాన్ని అడిగారు. అలాంటివాడు చచ్చిపోతేనే నయం అన్నవాళ్లు జర్మనీలో నూటికి 14 మంది, ఇంగ్లిషు మాట్లాడేవాళ్లలో 28 మంది. మన రాజాంలోనో పలాసలోనో అడిగితే ఎంత వస్తుందో ఊహించుకో. ఆ మాట వాడి చెవిన కూడా పడుతుంది. టీ కొట్టు దగ్గర నరికియ్యాలన్నప్పుడు పక్క బల్ల మీద వాడూ కూర్చునే ఉంటాడు, వాడూ తలూపుతాడు. తరవాత ఏమవుతుందో ఈ మనుషులతో పనిచేసిన వైద్యులు చాలా చోట్ల ఒకేలా రాశారు. ఒంటరితనం, కుంగుబాటు, ఆత్మహత్య ఆలోచనలు, ఎవరైనా పసిగడతారేమోనని నిత్యం దడ. స్నేహితులు తగ్గుతారు, పని మీద మనసు నిలవదు, తాగుడు మొదలవుతుంది. ఇప్పుడు నన్ను సూటిగా అడగనీ. కుంగిపోయి, తాగి, ఒంటరిగా, ఎలాగూ నేను రాక్షసుణ్నే అని తేల్చేసుకున్నవాడి పక్కింట్లో ఉన్న పిల్లకి భద్రత ఎక్కువా? నెలకోసారి డాక్టరు ముందు కూర్చుని, ఏ పరిస్థితికి దూరంగా ఉండాలో నేర్చుకుని, ఒకరికైనా జవాబు చెప్పుకునేవాడి పక్కింట్లో ఉన్న పిల్లకి ఎక్కువా?

బెర్లిన్‌లో ఈ ప్రశ్నకి 2005లోనే జవాబు వెతికారు. షారిటే ఆసుపత్రిలో క్లౌస్ బైయర్ అనే వైద్యుడు ఒక క్లినిక్ పెట్టి, టీవీలోనూ పోస్టర్ల మీదా బహిరంగంగానే పిలిచాడు. నీ కోరికకి నువ్వు దోషివి కాదు, నీ చేతకి నువ్వే బాధ్యుడివి, వస్తే సాయం చేస్తాం అన్నది ఆ పిలుపు సారాంశం. ఊరి వాళ్లు రాళ్లు వేస్తారేమో అనుకుంటే, మనుషులు ఫోన్లు చేశారు. స్వీడన్‌లో కరోలిన్‌స్కా సంస్థ పరిశోధకులు హెల్ప్‌లైన్ ద్వారా తమంతట తామే సాయం కోరి వచ్చిన 52 మంది మగవాళ్లకి, సగం మందికి హార్మోను తగ్గించే డెగారెలిక్స్ ఇంజక్షను, మిగతావాళ్లకి ఉత్తుత్తి మందు ఇచ్చి చూశారు. 2020లో ఫలితాలు వచ్చాయి. అసలు మందు తీసుకున్నవాళ్లలో రెండు వారాలకే ప్రమాద సూచనలు తగ్గాయి. ఇవేవీ పూర్తిగా నయం చేసే మందులు కావు. బెర్లిన్ చికిత్స నేరాలని ఎంత తగ్గించిందన్న దాని మీద పండితుల మధ్య వాదన నడుస్తూనే ఉంది. నయం కాకపోయినా అదుపులో పెట్టుకోవచ్చు అన్నంత వరకూ మాత్రం పెద్దగా పేచీ లేదు. మన దేశంలో పుణెలోని కె.ఇ.ఎం. ఆసుపత్రి పరిశోధనా కేంద్రం షారిటేతో కలిసి ఇదే పని మొదలెట్టింది. పుణె ఎక్కడ, పార్వతీపురం ఎక్కడ అంటావు. ఆ దూరం రైలుది కాదు, నీది.

మన వైపు మనసు బాగోకపోతే ఎక్కడికెళ్తారు? విశాఖలో చినవాల్తేరు. అక్కడి ప్రభుత్వ మానసిక వైద్యశాల బ్రిటిషు కాలం నాటిది, ఎన్ని వేల కుటుంబాలకి దిక్కయిందో లెక్కలేదు. కానీ మన ఊళ్లలో "వీణ్ని వాల్తేరు పంపాలి" అన్నది తిట్టు. నిద్ర పట్టడం లేదని వెళ్లినవాడు కూడా బస్సులో ఎవరైనా తెలిసినవాళ్లు కనిపిస్తే, చుట్టాల ఇంటికని అబద్ధమాడతాడు. మామూలు కుంగుబాటుకే ఇంత గుట్టయితే, నేను పైన చెప్పిన కుర్రాడు డాక్టరు ముందు నోరు విప్పుతాడా? తలనొప్పి అంటాడు. డాక్టరుకి బయట మరో ఎనభై మంది. మాత్ర రాసి పంపిస్తాడు.

డాక్టరుకీ ఒక చిక్కుంది. నేరం జరిగినా, జరగబోతోందన్న అనుమానం ఉన్నా చెప్పి తీరాలన్నది పోక్సో 19. రోగి చెప్పింది గోప్యంగా ఉంచాలన్నది 2017 మానసిక ఆరోగ్య చట్టం, ఎదుటివాళ్లకి హాని తప్పించాల్సి వస్తే తప్ప. ఏమీ చెయ్యనివాడు, చెయ్యకుండా ఉండటానికే వచ్చానన్నవాడు ఈ రెండింటి మధ్య ఎక్కడ నిలబడతాడు? పిల్ల ఆపదలో ఉందని తెలిసిన డాక్టరు ఫోన్ ఎత్తి తీరాలి, అందులో రెండో మాట లేదు. సాయం కోరి రావడాన్నే నేరానికి సూచనగా చూస్తే మాత్రం ఒక్కడూ రాడు. ఈ గీత ఎక్కడుందో వైద్య సంఘాలూ ప్రభుత్వమూ కలిసి కాగితం మీద రాయాలి. ఇంతవరకూ రాయకపోవడంలో నీ చెయ్యి ఉందని నా అనుమానం. ఈ విషయం మీద మీటింగు పెట్టాలంటేనే పెద్ద పెద్ద ఆఫీసర్లు గొంతు సవరించుకుంటారు.

నువ్వు ఆచారానివి, ఎప్పటికీ మారవు అని నీ తరఫు వాళ్లు చెబుతారు. విజయనగరంలో కూర్చుని ఆ మాట అనడానికి సిగ్గుండాలి. ఆనంద గజపతి మహారాజు అప్పటి విశాఖపట్నం జిల్లాలో మూడేళ్లలో జరిగిన కన్యాశుల్కపు పెళ్లిళ్ల జాబితా తయారు చేయించారు. గురజాడ అప్పారావు తన నాటకం 1897 నాటి మొదటి కూర్పుకి రాసిన ముందుమాటలో ఆ లెక్క ఉంది. మొత్తం 1,034 పెళ్లిళ్లు. పెళ్లికూతుళ్లలో అయిదేళ్లవాళ్లు 99 మంది, నాలుగేళ్లవాళ్లు 44, మూడేళ్లవాళ్లు 36, రెండేళ్లవాళ్లు ఆరుగురు. ఏడాది పిల్లలు ముగ్గురు, ఒక్కొక్కరి ధర 350 నుంచి 400 రూపాయలు. ఇవన్నీ మేళతాళాలతో జరిగాయి. గుట్టు లేదు, సిగ్గు లేదు. ఈడొచ్చిన పిల్లని ఇంట్లో ఉంచుకోవడమే అప్పుడు తలవంపు. అదే ఊళ్లో ఇవాళ ఏడాది పిల్లకి పెళ్లంటే తండ్రిని లోపలేస్తారు. ఏది దాచాలో ఏది చెప్పాలో మన తాతల కాలం నుంచి మన కాలానికి తలకిందులైంది. ఇంకోసారి అవుతుంది.

ఈ ఉత్తరం నీకు రాసినా పక్కనుంచి చదివే కుర్రాడొకడు ఉంటాడు. వాడితో రెండు ముక్కలు మాట్లాడనీ, నువ్వు అటు తిరుగు.

నాయనా, నీ మనసులో ఏం తిరుగుతోందో దానికి నిన్ను నిందించను. పిల్లలతో ఒంటరిగా ఉండాల్సిన పనులు, ట్యూషన్లు, స్కూలు ఆటో, హాస్టల్ వార్డెను ఉద్యోగం, నీకు కావు. ఎవరైనా పిల్లల్ని అప్పజెప్పి వెళ్తామంటే ఏదో సాకు చెప్పి తప్పుకో. తాగకు. ఫోనులో బొమ్మలు చూస్తే ఎవరికి నష్టం అనుకుంటున్నావేమో, ఆ బొమ్మ తీసినప్పుడు అవతల నిజం పిల్ల ఉంది. పైగా 2024 సెప్టెంబరు 23న సుప్రీంకోర్టు మద్రాసు హైకోర్టు తీర్పుని కొట్టేసి, అలాంటివి దగ్గర పెట్టుకోవడమూ చూడటమూ నేరమేనని తేల్చింది. 14416కి ఫోన్ చెయ్యి. టెలీ మానస్ అంటారు, డబ్బు అక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు. మొదటి రోజే అంతా చెప్పక్కర్లేదు. నా మనసు నా మాట వినడం లేదు, భయంగా ఉంది అంటే చాలు, తలుపు తీస్తారు. ఇప్పటికే ఏదైనా చేసి ఉంటే మాత్రం నీకు చెప్పాల్సింది వేరే. ఆ పిల్లకి దూరంగా జరుగు, చట్టానికి ఎదురుపడు.

సరే, ఇటు తిరుగు. నీతో ఇంకా పనుంది.

నిన్ను మూడు చోట్ల నుంచి ఖాళీ చేయించాలని కొందరం అనుకుంటున్నాం. మొదటిది అంగన్‌వాడీ. ఒంట్లో ప్రతి భాగానికీ పేరుందని, వద్దంటే తాతకైనా వద్దేనని అక్కడే నేర్పాలి. వలస వెళ్లినవాళ్ల పిల్లలు మామ్మల దగ్గర పెరుగుతున్నారు కనక ఆ మామ్మల్ని కూడా పిలిచి కూర్చోబెట్టాలి. వాళ్లకి పిల్లల హెల్ప్‌లైన్ 1098 నంబరు నోటికి రావాలి. రెండోది సీతంపేట, పార్వతీపురం వైపు ఆశ్రమ పాఠశాలలు. అక్కడ ఫిర్యాదు పెట్టె హెడ్‌మాస్టరు గది ముందు కాకుండా, తాళం చెవి ఆయన దగ్గర కాకుండా ఉండాలి. మూడోది మన ఆసుపత్రుల మానసిక విభాగం. శ్రీకాకుళం రిమ్స్‌లోనూ విజయనగరం పెద్దాసుపత్రిలోనూ ఈ ఒక్క విషయం వినడానికి తర్ఫీదు పొందినవాళ్లు వారానికో పూట కూర్చోవాలి. టెలీ మానస్‌లో ఫోనెత్తేవాళ్లకి కూడా ఆ తర్ఫీదు కావాలి. ఇలాంటి మాట వినగానే గొంతు మారిపోతే అవతలివాడు రెండోసారి చెయ్యడు.

ఒక పోస్టరు కూడా రాసి పెట్టాను. "చిన్నపిల్లల వైపు మనసు పోతోందా? ఏమీ చెయ్యకముందే మాట్లాడు. 14416." విజయనగరం ఆర్టీసీ కాంప్లెక్సులో ఒకటి, ఆమదాలవలసలో శ్రీకాకుళం రోడ్ స్టేషన్లో ఒకటి, మొదట ఈ రెండు చోట్ల పెట్టించమని అడగబోతున్నాం. ఇలాంటివాళ్లు మన ఊళ్లో ఉన్నారని చాటుకోవడమేంటని నలుగురూ గోల చేస్తారు, అంటించిన రాత్రే ఎవరో ఒకరు చింపుతారు. ఆ చెయ్యి నీదని మాకు తెలుసు. ప్రెస్సువాడికి రెండొందల కాపీలు చెప్పాం.

ఇట్లు,
విజయనగరం నుంచి ఒక తండ్రి